మంచు చిరుతను లెక్కపెట్టడం ఎలా నేర్చుకున్నాం?



2024 జనవరి 30న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నివేదికను విడుదల చేసింది. భారతదేశంలో 718 మంచు చిరుతలు ఉన్నాయన్నది దాని సారాంశం. వినడానికి ఇదొక మామూలు అంకె. కానీ ఒక్క విషయం గమనించండి. పులులను మన దేశంలో మొదటిసారి దేశవ్యాప్తంగా లెక్కపెట్టింది 1972లో. మంచు చిరుత విషయంలో అలాంటి లెక్క చేతికి రావడానికి మరో 50 ఏళ్లకు పైగా పట్టింది. అంతవరకూ 400 నుంచి 700 వరకు ఉండవచ్చునని అంచనాగా చెప్పుకొనేవాళ్లం.

ఎందుకింత ఆలస్యం? ఈ అంకె వెనుక ఎవరి శ్రమ, ఎవరి డబ్బు, ఎవరి ఓపిక ఉన్నాయి? ఈ పాఠంలో ఆ చరిత్రను తెలుసుకుందాం. పర్వతాలలోని వన్యప్రాణులను కాపాడాలని చట్టం చేయడం ఒక ఎత్తు. ఏ ప్రాణిని, ఎంత మేర, ఎవరి సహాయంతో కాపాడాలో తెలుసుకోవడం మరో ఎత్తు. మొదటిది కొద్ది నెలల్లో జరగవచ్చు. రెండోది ఏళ్ల తరబడి సాగే జీవశాస్త్ర పరిశోధన వల్లనే సాధ్యం. ఆ పరిశోధనకు నిలకడైన అండ లేకపోతే చట్టం కాగితం మీదే మిగిలిపోతుంది. మంచు చిరుత కథ మనకు నేర్పే పాఠం ఇదే.

కొండకొమ్ముల మీది జీవనం

మంచు చిరుత మధ్య ఆసియా, దక్షిణాసియా పర్వతాలలో 12 దేశాలలో నివసిస్తుంది. వాటిలో భారత్, నేపాల్, భూటాన్, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, చైనా, మంగోలియా మొదలైనవి ఉన్నాయి. 1775లో జర్మన్ శాస్త్రవేత్త ష్రెబర్ దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. హిమాలయాలలో ఇది సాధారణంగా 3,000 మీటర్లకు పైన, చెట్లు పలచబడి రాళ్లూ గడ్డీ మిగిలే ఎత్తుల్లో తిరుగుతుంది. బూడిదరంగు ఒంటి మీద నల్లని వలయాకారపు మచ్చలు, మంచులో కూరుకుపోకుండా వెడల్పాటి పాదాలు, దాదాపు మీటరు పొడవుండే దట్టమైన తోక దీని ప్రత్యేకతలు. నిటారు బండల మీద దూకేటప్పుడు ఆ తోక తూకం నిలుపుతుంది. పడుకున్నప్పుడు ముఖం చుట్టూ కప్పుకోవడానికి పనికివస్తుంది. పులిలా, సింహంలా ఇది గర్జించలేదు.

దీని ముఖ్యమైన ఆహారం భరల్, ఐబెక్స్ అనే కొండజాతి శాకాహారులు. భరల్‌ను నీలి గొర్రె అని కూడా అంటారు. ఈ ఎత్తుల్లో గడ్డి మొలిచే కాలం సంవత్సరంలో కొద్ది నెలలే. గడ్డి తక్కువైతే గడ్డి మేసే జంతువులు తక్కువ. అవి తక్కువైతే వాటిని వేటాడే జంతువు ఇంకా తక్కువ. ఆహార శృంఖలంలోని ఈ సాధారణ సూత్రమే మంచు చిరుత ఎందుకు అరుదో చెబుతుంది. మన దేశంలో జరిగిన లెక్కింపు దాదాపు 1,20,000 చదరపు కిలోమీటర్ల మేర సాగింది. 718తో భాగించి చూడండి. సగటున సుమారు 167 చదరపు కిలోమీటర్లకు ఒక్క జంతువు! రాతిరంగులో కలిసిపోయే ఒక్క ప్రాణిని అంత మేరలో వెతకాలి. ఆలస్యానికి మొదటి కారణం అర్థమైంది కదా.

మొదటి ఛాయాచిత్రం

అడవిలో స్వేచ్ఛగా తిరిగే మంచు చిరుత ఎలా ఉంటుందో ప్రపంచం ఛాయాచిత్రంలో చూసింది 1971లో. అమెరికన్ జీవశాస్త్రవేత్త జార్జ్ షాలర్ 1970 డిసెంబరులో పాకిస్తాన్‌లోని చిత్రాల్ ప్రాంతంలో తీసిన బొమ్మలవి. మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టిన తరువాతి సంవత్సరమది.

1973లో షాలర్ నేపాల్‌లోని డోల్పో ప్రాంతానికి వెళ్లాడు. ఈసారి ఆయన ప్రధాన లక్ష్యం మంచు చిరుత కాదు, భరల్. అది గొర్రె జాతికి దగ్గరా, మేక జాతికి దగ్గరా అన్నది అప్పట్లో తేలని ప్రశ్న. దాని ప్రవర్తనను గమనించి, మేక లక్షణాలే ఎక్కువని ఆయన నిర్ణయించాడు. వేటాడే జంతువును అర్థం చేసుకోవాలంటే ముందు దాని ఆహారాన్ని అర్థం చేసుకోవాలన్న శాస్త్రీయ దృష్టి ఈ పనిలో కనిపిస్తుంది. ఆ యాత్రలో ఆయనతో వెళ్లిన రచయిత పీటర్ మాథిసెన్ 1978లో మంచు చిరుత పేరుతోనే ఒక పుస్తకం ప్రచురించాడు. విశేషమేమిటంటే ఆ యాత్ర మొత్తంలో మాథిసెన్‌కు మంచు చిరుత కనిపించనే లేదు.

సరిగ్గా ఈ కాలంలోనే, 1972లో, మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మంచు చిరుతకు అత్యున్నత రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో చోటు దొరికింది. దాని చర్మం, ఎముకల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే ఒప్పందం 1975లో అమలులోకి వచ్చింది. 1981లో లడఖ్‌లో హెమిస్ జాతీయ ఉద్యానం ఏర్పడింది. ఇవన్నీ అవసరమైన చర్యలే. అయితే చట్టం ముందు వచ్చింది, దాన్ని అమలు చేయడానికి కావలసిన జ్ఞానం వెనుకబడి ఉంది. ఒక మంచు చిరుతకు ఎంత చోటు కావాలి? దానివల్ల పశువుల కాపరికి ఎంత నష్టం? మొత్తం ఎన్ని ఉన్నాయి? ఈ మూడు ప్రశ్నలకూ అప్పటికి సరైన సమాధానాలు లేవు. ఒక్కొక్క ప్రశ్న ఎలా విడిపోయిందో చూద్దాం.

మొదటి ప్రశ్న: ఎంత చోటు కావాలి?

1982లో రాడ్నీ జాక్సన్ అనే పరిశోధకుడు తన బృందంతో పశ్చిమ నేపాల్‌లోని లాంగు లోయకు చేరాడు. మంచు చిరుతల మెడకు రేడియో కాలర్లు కట్టి వాటి కదలికలను తెలుసుకోవాలన్నది ఆయన ప్రయత్నం. అంతకుముందు ఈ జంతువుపై ఎవరూ చేయని పని ఇది. కొన్నేళ్ల శ్రమ తరువాత ఐదు జంతువుల వివరాలు దొరికాయి. ఒక్కొక్కటి 12 నుంచి 39 చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతున్నదని ఆ లెక్కలు చెప్పాయి.

ఆ రోజుల్లో ఇది గొప్ప విజయం. దాదాపు 30 ఏళ్ల తరువాత, జీపీఎస్ కాలర్లు వచ్చాక, మంగోలియాలోని తోస్త్ పర్వతాలలో మళ్లీ కొలిచారు. 2008లో మొదలైన ఆ దీర్ఘకాలిక అధ్యయనం ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. అక్కడ మగ మంచు చిరుత సగటున 207 చదరపు కిలోమీటర్లు, ఆడది 124 చదరపు కిలోమీటర్లు తిరుగుతున్నట్టు తేలింది!

ఇంత తేడా ఎందుకు? నేపాల్ లోయకూ మంగోలియా కొండలకూ ఉన్న భేదం కొంత కారణం. అంతకంటే ముఖ్యమైన కారణం పరికరంలో ఉంది. పాత రేడియో కాలర్ పంపే తరంగాలు సరళరేఖలో ప్రయాణిస్తాయి. కొండ అడ్డువస్తే ఆగిపోతాయి. పరిశోధకుడు యాంటెన్నా పట్టుకొని శిఖరం మీద నిలబడినా, జంతువు పక్క లోయలోకి దిగితే సంకేతం అందదు. అంటే జంతువు దగ్గరలో ఉన్నప్పుడే దాని జాడ నమోదయ్యేది. ఇంటి అరుగు మీద కూర్చుని చూసేవాడికి ఆవు ఎప్పుడూ మన వీధిలోనే మేస్తున్నట్టు అనిపిస్తుంది. అది పొలాలన్నీ తిరిగివచ్చిన సంగతి అతనికి తెలియదు. జీపీఎస్ కాలర్‌కు ఈ ఇబ్బంది తక్కువ. అది ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, తానెక్కడున్నదో తానే లెక్కకడుతుంది.

ఈ కొత్త కొలత ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. ప్రపంచంలో మంచు చిరుతలున్న 170 రక్షిత ప్రాంతాలను పరిశీలిస్తే, వాటిలో 40 శాతం ఒక్క మగ మంచు చిరుత తిరిగే మేర కంటే చిన్నవి. పటం మీద గీత గీసి ఉద్యానం అని పేరు పెట్టినంత మాత్రాన జంతువు ఆ గీత లోపలే ఉండదు. గీతకు బయట ఊళ్లున్నాయి, మేత భూములున్నాయి, గొర్రెల కాపరులున్నారు. వాళ్లను కలుపుకోని రక్షణ నిలబడదు. 2009లో మన ప్రభుత్వం ప్రారంభించిన మంచు చిరుత ప్రాజెక్టు ఈ దృష్టితోనే రూపొందింది. రక్షిత ప్రాంతాలకే పరిమితం కాకుండా మొత్తం పర్వత సీమను ఒక యూనిట్‌గా తీసుకోవాలని, స్థానిక ప్రజలను భాగస్వాములను చేయాలని అది నిర్దేశించింది. తరువాత వచ్చిన జీపీఎస్ కొలతలు ఆ దారి సరైనదేనని బలపరిచాయి.

రెండో ప్రశ్న: కాపరికి ఎంత నష్టం?

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో కిబ్బర్ అనే గ్రామం ఉంది. దాదాపు 4,200 మీటర్ల ఎత్తున బార్లీ, బఠాణీ పండించుకొని, జడలబర్రెలు, గుర్రాలు, గొర్రెలు, మేకలు పెంచుకొని బతికే ఊరది. 1990లలో చారుదత్త మిశ్రా అనే యువ పరిశోధకుడు అక్కడ ఉండి ఇంటింటికీ తిరిగి లెక్కలు సేకరించాడు. 1997లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

గ్రామస్థులు చెప్పిన ప్రకారం, అంతకుముందు 18 నెలల్లో మంచు చిరుతలు, తోడేళ్లు వాళ్ల పశువుల్లో 18 శాతాన్ని చంపేశాయి. ఒక్కో కుటుంబానికి కలిగిన నష్టం ఆ ప్రాంతపు సగటు తలసరి వార్షిక ఆదాయంలో సగం. ప్రభుత్వం నుంచి అందిన నష్టపరిహారం ఎంతో తెలుసా? వాళ్లు చెప్పిన నష్టంలో 3 శాతం మాత్రమే.

ఒక్క క్షణం ఆ కాపరి స్థానంలో ఉండి ఆలోచించండి. పశువుల దొడ్డిలో దూరిన మంచు చిరుత ఒక్కోసారి ఒకే రాత్రి చాలా గొర్రెలను చంపుతుంది. తెల్లవారి లేచి చూస్తే ఏడాది సంపాదన నేలమీద పడి ఉంటుంది. అతనికి చట్టం గుర్తొస్తుందా, కోపం వస్తుందా? 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక ప్రకారం 2008 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఏటా 221 నుంచి 450 మంచు చిరుతలు మనుషుల చేతుల్లో చనిపోయాయి. వాటిలో సగానికి పైగా పశువులను చంపినందుకు ప్రతీకారంగా చంపినవే. చర్మం కోసం వేటాడే దొంగల కంటే, విసిగిపోయిన సామాన్య కాపరి చేతిలోనే ఎక్కువ చిరుతలు చస్తున్నాయి. ఈ నిజం తెలియకుండా కాపలాదారుల సంఖ్య ఎంత పెంచినా ఉపయోగం కొద్దిదే.

కిబ్బర్‌లో పరిశోధన ఇక్కడితో ఆగలేదు. పెంపుడు పశువులు ఎక్కువైన చోట్ల భరల్‌కు మేత చాలడం లేదని మిశ్రా బృందం గమనించింది. 1998లో గ్రామస్థులతో ఒక ఒప్పందం కుదిరింది. సుమారు 5 చదరపు కిలోమీటర్ల మేత భూమిని పశువులు మేయకుండా వదిలేస్తే, అందుకు ప్రతిఫలంగా గ్రామానికి కొంత సొమ్ము ముట్టుతుంది. అక్కడ గడ్డి కోలుకుంది, భరల్ సంఖ్య పెరిగింది. 2002లో పశువుల బీమా మొదలైంది. కాపరులు తమ పశువులకు కొద్దిపాటి ప్రీమియం చెల్లిస్తారు. పశువు చనిపోతే గ్రామ కమిటీయే విచారించి పరిహారం ఇస్తుంది. మందను బాగా కాచుకున్న కాపరికి బహుమతి కూడా ఉంటుంది. అబద్ధపు దావా వేస్తే నష్టపోయేది తోటి గ్రామస్థులే కాబట్టి మోసానికి తావు తక్కువ.

లడఖ్‌లో మరో మార్గం తొక్కారు. లేహ్‌కు చెందిన రించెన్ వాంగ్చుక్, ఆయన సహచరులు దొడ్ల పైకప్పులకు ఇనుప వల, గట్టి తలుపులు అమర్చడంలో గ్రామాలకు తోడ్పడ్డారు. మంచు చిరుతను చూడాలని వచ్చే యాత్రికులకు గ్రామస్థుల ఇళ్లలోనే బస ఏర్పాటు చేశారు. పశువును తినే శత్రువే కొంత ఆదాయం తెచ్చే అతిథి అయ్యింది. వాంగ్చుక్ 2011లో మరణించినా ఆ పద్ధతి లడఖ్ గ్రామాలలో నిలిచింది.

ఇక్కడ శాస్త్రం స్వభావాన్ని చూపే ఒక మలుపు ఉంది. భరల్ వంటి అడవి జంతువులు పెరిగితే మంచు చిరుత పశువుల జోలికి రావడం మానేస్తుందని చాలామంది నమ్మేవారు. వినడానికి సబబుగానే ఉంది. కానీ 2017లో ప్రచురితమైన అధ్యయనం మరో సంగతి చెప్పింది. అడవి ఆహారం పెరిగితే మంచు చిరుతలూ పెరుగుతాయి. చిరుతలు పెరిగితే పశునష్టం కూడా పెరిగే అవకాశం ఉంది. కాబట్టి మేత భూమిని వదిలేయడం ఒక్కటే చాలదు. గట్టి దొడ్డి, బీమా, మంచి కాపలా దానితోపాటే నడవాలి. నమ్మకానికి ఎదురువచ్చినా ఫలితాన్ని ఉన్నదున్నట్టు చెప్పడం పరిశోధకుడి ధర్మం. అలా చెప్పనిచ్చే వాతావరణం కల్పించడం పరిశోధనకు అండగా నిలిచేవారి ధర్మం.

మూడో ప్రశ్న: ఎన్ని ఉన్నాయి?

ఇప్పుడు మనం మొదట చెప్పుకున్న అంకె దగ్గరకు వద్దాం. మనిషికి వేలిముద్రలు ఎలాగో మంచు చిరుతకు ఒంటి మీది మచ్చలు అలాగ. ఏ రెండింటి మచ్చలూ ఒకేలా ఉండవు. జంతువులు నడిచే దారుల్లో కదలికను పసిగట్టి తమంతట తామే బొమ్మ తీసే కెమెరాలను అమర్చి, ఆ బొమ్మల్లోని మచ్చలను పోల్చి ఒక్కొక్క జంతువును గుర్తిస్తారు. మరి కెమెరా కంట పడని వాటిని ఎలా లెక్కించడం?

దీనిని మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక గిన్నెలో గుప్పెళ్ల కొద్దీ చింతగింజలు పోయండి. ఎన్నో లెక్కపెట్టకండి. అందులోంచి 20 గింజలు తీసి సున్నపు చుక్క పెట్టి, ఆరాక మళ్లీ గిన్నెలో వేసి బాగా కలపండి. ఇప్పుడు చూడకుండా 30 గింజలు తీయండి. వాటిలో 6 గింజలకు చుక్క ఉందనుకోండి. అంటే తీసిన వాటిలో అయిదో వంతుకు గుర్తు ఉంది. కాబట్టి మీరు గుర్తుపెట్టిన 20 గింజలు కూడా మొత్తంలో అయిదో వంతే అయి ఉండాలి. మొత్తం సుమారు 100 గింజలన్నమాట. ప్రతి గింజనూ లెక్కపెట్టకుండానే సంఖ్య తెలిసింది. చిరుతల లెక్కింపులో వాడే గణితం దీనికంటే చాలా క్లిష్టమైనదే గాని, మూల సూత్రం ఇదే.

ఇప్పుడు ఒక పొరపాటు చేద్దాం. 6 చుక్కల్లో రెండు చెరిగిపోయి మీకు కనిపించలేదనుకోండి. గుర్తున్నవి నాలుగే అని రాసుకుంటారు. అప్పుడు లెక్క 150 అవుతుంది! పాత జంతువును కొత్త జంతువని పొరబడితే సంఖ్య ఉబ్బిపోతుంది. ఇది ఊహ కాదు. 2020లో ప్రచురితమైన ఒక పరీక్షలో, ముందే తెలిసిన 16 జంతుశాల మంచు చిరుతల బొమ్మలను పరిశీలకులకు ఇచ్చి గుర్తించమన్నారు. వారి పొరపాట్ల వల్ల సంఖ్య దాదాపు మూడో వంతు ఎక్కువగా తేలింది. అందుకే ఒక్కొక్క బొమ్మను ఒకరికంటే ఎక్కువమంది విడివిడిగా పరిశీలించడం అవసరం. దీనికి శిక్షణ కావాలి, సమయం కావాలి, జీతాలు కావాలి.

ఈ జాగ్రత్త ఎందుకంత ముఖ్యం? 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం మంచు చిరుతను 'అంతరించే ప్రమాదంలో ఉన్న' జాతుల నుంచి, ఒక మెట్టు తక్కువ ప్రమాదం గల 'దుర్బల' జాతుల జాబితాకు మార్చింది. 1972 నుంచి ఉన్న స్థాయి అది. అప్పుడు శాస్త్రవేత్తల మధ్య తీవ్రమైన చర్చ జరిగింది. జంతువు నివసించే మొత్తం ప్రాంతంలో చాలా స్వల్పభాగంలోనే సరైన లెక్కింపు జరిగిందని, అంత తక్కువ సమాచారంతో స్థాయి మార్చడం తొందరపాటు అని కొందరు వాదించారు. లెక్క సరిగా లేనిచోట ఇద్దరు నిపుణులు ఒకే జంతువు గురించి రెండు విధాలుగా మాట్లాడవలసి వస్తుంది.

మన దేశంలో 2019 అక్టోబరులో దేశవ్యాప్త లెక్కింపుకు పద్ధతి ఖరారైంది. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ సమన్వయం చేయగా, మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, డబ్ల్యుడబ్ల్యుఎఫ్-ఇండియా, రాష్ట్రాల అటవీ శాఖలు పనిచేశాయి. ముందుగా కాలినడకన 13,450 కిలోమీటర్ల మేర దారులు గాలించి పాదముద్రలు, మలం వంటి జాడలు నమోదు చేశారు. తరువాత 1,971 చోట్ల కెమెరాలు పెట్టారు. అవి పనిచేసిన రాత్రులన్నీ కలిపితే 1,80,000. బొమ్మల్లో దొరికిన వేర్వేరు జంతువులు 241. వాటి ఆధారంగా గణించిన మొత్తం 718. అందులో లడఖ్‌వి 477, ఉత్తరాఖండ్‌వి 124, హిమాచల్ ప్రదేశ్‌వి 51, అరుణాచల్ ప్రదేశ్‌వి 36, సిక్కింవి 21, జమ్మూ కశ్మీర్‌వి 9.

హిమాచల్‌లో కెమెరాలు మోసుకొని కొండలెక్కిన వారిలో కిబ్బర్ గ్రామ యువకులు ముందున్నారు. ఒకప్పుడు పశునష్టానికి కుమిలిపోయిన ఊరి పిల్లలే శాస్త్రీయ సర్వేకు వెన్నెముక అయ్యారు. పరిశోధకులు ఏళ్ల తరబడి ఒకే ఊరిని అంటిపెట్టుకొని ఉండడం వల్ల కలిగిన ఫలితమిది.

మలంలో దాగిన సమాచారం

కెమెరాలు పెట్టలేని చోట్ల మరో ఆధారం ఉంది. జంతువు విసర్జించిన మలంలో దాని పేగు గోడల కణాలు కొన్ని కలిసి ఉంటాయి. వాటిలోని డీఎన్‌ఏను పరీక్షించి అది ఏ జాతిదో, ఆడదో మగదో, ఏ ప్రత్యేక జంతువుదో కూడా చెప్పవచ్చు. ఈ పరీక్షలు మొదలయ్యాక పరిశోధకులకు ఒక కనువిప్పు కలిగింది. మంచు చిరుతదని కంటితో చూసి సేకరించిన నమూనాల్లో చాలా భాగం నిజానికి నక్కలవని తేలింది. అనుభవజ్ఞుల కన్ను కూడా పొరబడుతుంది. ప్రయోగశాల దానిని సరిదిద్దుతుంది.

ఇలాంటి పనికి పేరుపొందిన ప్రయోగశాల ఒకటి మన హైదరాబాద్‌లోని అత్తాపూర్‌లో ఉంది. దాని పేరు లాకోన్స్. సీసీఎంబీకి అనుబంధంగా పనిచేస్తుంది. దేశం నలుమూలల నుంచి అటవీ అధికారులు పంపే చర్మం, మాంసం, వెంట్రుకల నమూనాలను పరీక్షించి అవి ఏ జంతువువో అక్కడ నిర్ధారిస్తారు. వేటగాళ్ల మీద కోర్టులో కేసు నిలవడానికి అది బలమైన సాక్ష్యం. మంచు పర్వతాలలోని ప్రాణి రక్షణకు దక్కన్ పీఠభూమి మీది ప్రయోగశాల కూడా తోడ్పడగలదన్నమాట. వన్యప్రాణుల పరిశోధన అంటే అడవుల్లో తిరగడం ఒక్కటే అనుకునే విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అండ అంటే ఏమిటి?

ఈ చరిత్రను వెనక్కి తిరిగి చూడండి. 1982లో భారత వన్యప్రాణి సంస్థ స్థాపన, 2009లో మంచు చిరుత ప్రాజెక్టు, 2013లో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో 12 దేశాల ఉమ్మడి ప్రకటన, 2017లో అంతర్జాతీయ నిధులతో మన దేశంలో సెక్యూర్ హిమాలయ పథకం, 2019లో లెక్కింపు పద్ధతి. ఒక్కొక్క అడుగుకూ మధ్య ఎన్నో ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలో సంస్థలు, పరిశోధకులు, గ్రామస్థులు పనిని వదలకుండా కొనసాగించారు గనుకనే అవి ఒకదానికొకటి కలిశాయి.

పరిశోధనకు అండ అంటే ఒకసారి డబ్బివ్వడం మాత్రమే కాదని దీనినిబట్టి తెలుస్తుంది. మంచు చిరుత ఆడది సాధారణంగా ఒక్క కాన్పులో రెండు మూడు పిల్లల్ని కంటుంది. అవి పెరిగి తల్లిని విడిచి వెళ్లడానికి దాదాపు రెండేళ్లు పడుతుంది. అలాంటి జాతి సంఖ్య పెరుగుతున్నదో తగ్గుతున్నదో మూడేళ్ల పథకంలో తేలదు. తోస్త్ పర్వతాలలో పరిశోధకులు సంవత్సరాల తరబడి సమాచారం పోగుచేయగా, గనుల తవ్వకం ముప్పు ఉన్న ఆ ప్రాంతాన్ని మంగోలియా పార్లమెంటు 2016లో రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ఆ సమాచారం చేతిలో లేకపోతే వాదించడానికి ఆధారమేది?

భూటాన్ 2016లో 96 మంచు చిరుతలను లెక్కించింది. 2022–23 సర్వేలో ఆ సంఖ్య 134 అయింది. రెండు లెక్కలుంటేనే పోల్చడానికి వీలవుతుంది. మన 718 మొదటి లెక్క. దానితో పోల్చడానికి రెండోది, మూడోది కావాలి. అందుకే భారత వన్యప్రాణి సంస్థలో మంచు చిరుతల కోసం ప్రత్యేక విభాగం ఏర్పాటు చేసి, క్రమం తప్పకుండా లెక్కింపు జరపాలని 2024 నివేదిక సూచించింది.

ఈలోగా పర్వతాలు మారకుండా కూర్చోవడం లేదు. రోడ్లు వస్తున్నాయి. చెత్త మీద బతికే ఊరకుక్కల గుంపులు లడఖ్, స్పితి ప్రాంతాలలో అడవి జంతువులను, పశువులను కూడా వేటాడుతున్నాయి. వాతావరణం వేడెక్కితే కింది చెట్లు పైకి పాకి, గడ్డి నేలలు కుంచించుకుపోతాయి. కొండకొమ్మున ఉన్న ప్రాణికి ఇంకా పైకి వెళ్లడానికి చోటుండదు. ఏ మార్పు ఎంత కీడు చేస్తున్నదో, దేనిని ముందు ఆపాలో చెప్పగలిగేది మళ్లీ ఆ నిదానమైన పరిశోధనే.

మంచు చిరుతకు కావలసిన గడ్డి నేలలే భరల్‌కూ, ఐబెక్స్‌కూ, కాపరి గొర్రెలకూ ఆధారం. దాని పేరున జరిగే పరిశోధన ఆ కొండల మొత్తానికీ మేలు చేస్తుంది. రేపు మీలో కొందరు జీవశాస్త్రం, కొందరు గణితం, కొందరు పాలనాశాస్త్రం చదువుతారు. ఈ ముగ్గురి అవసరమూ ఆ పర్వతాలకు ఉంది. 718 అనే అంకెను రాబోయే లెక్కింపులతో సరిచూసే బాధ్యత మీ తరానిది.

ఆలోచించండి, చర్చించండి

1. చింతగింజల ప్రయోగాన్ని నాలుగైదు సార్లు చేయండి. ప్రతిసారీ ఒకే సమాధానం వచ్చిందా? రాకపోతే, 718 అనే అంకెను మనం ఎలా అర్థం చేసుకోవాలి?

2. భూటాన్‌లో సంఖ్య 96 నుంచి 134కు పెరిగింది. నిజంగా జంతువులు పెరిగి ఉండవచ్చు, లేదా వెతకడం మెరుగుపడి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చాలంటే ఏ సమాచారం కావాలి?

3. మీ ప్రాంతంలో అడవి పందులు, కోతులు, చిరుతపులుల వల్ల రైతులకు కలిగే నష్టాన్ని ఎవరైనా లెక్కగట్టారా? కిబ్బర్‌లో వలె ఇంటింటికీ తిరిగి సేకరించవలసి వస్తే మీరు ఏయే ప్రశ్నలు అడుగుతారు?